చేతికి ఉన్న గ్లవ్సే చేతిని కాపాడతాయి

అందరికీ నమస్కారం.

మీలో వెల్డింగ్ చేసేవాళ్లున్నారు, రేకుల పని చేసేవాళ్లున్నారు, సరుకు ఎత్తి దించేవాళ్లున్నారు, చెట్లు కొట్టి కొమ్మలు మోసేవాళ్లూ ఉన్నారు. ఇంతమందికీ కలిపి మంచి తోలు గ్లవ్స్ ఒక జత చెప్పమంటే నా దగ్గర జవాబు లేదు. అలాంటి జత ఉండదు. అందుకే ఎవరైనా సలహా అడిగితే ముందు నేనే ఒక ప్రశ్న వేస్తాను. పని మధ్యలో మీరు గ్లవ్స్ ఎప్పుడు తీసేస్తున్నారు?

జవాబులు దాదాపు ఒకేలా ఉంటాయి. నట్టు వేళ్లతో ఎక్కించాలంటే తీస్తాం. కొలత గీత గియ్యాలంటే తీస్తాం. ముడి విప్పాలన్నా, చెమట పట్టినా తీస్తాం. తీసినవి జేబులోకి పోతాయి. పని మళ్లీ మొదలవుతుంది, గ్లవ్స్ మాత్రం జేబులోనే ఉండిపోతాయి. రేకు అంచు చెయ్యి కోసేది, వైర్ రోప్‌లో తెగిన పోగు గుచ్చుకునేది ఆ కాసేపట్లోనే. కాబట్టి నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది: అన్నిటికన్నా మందంగా ఉన్నవి కాదు, పని జరుగుతున్నంతసేపూ చేతికి ఉంచుకోగలిగినవి కావాలి.

అలా ఉంచుకోవాలంటే ముందు సైజు కుదరాలి. చాలా పనిచోట్ల ఒకే సైజు పెట్టె తెచ్చి అందరికీ పంచేస్తారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. చెప్పులు అలా పంచితే ఒప్పుకోం కదా, చేతులకు మాత్రం ఎందుకు ఒప్పుకోవాలి? కొలవడం కష్టమేమీ కాదు. మీరు ఎక్కువగా వాడే చేతిని చాచి, బొటనవేలు వదిలేసి, పిడికిలి కణుపుల మీదుగా చుట్టూ టేపు తిప్పండి. ఎన్ని అంగుళాలు వస్తే సాధారణంగా అదే సైజు. 8 అంగుళాలు, అంటే 203 మిల్లీమీటర్లు వస్తే 8వ సైజు. 229 మిల్లీమీటర్లు వస్తే 9వ సైజు. చిన్న చేతులవాళ్లకు 6, 7 సైజులూ తయారవుతాయి. ఆడవాళ్లు మగవాళ్ల గ్లవ్స్‌లో చేతులు ఈదిస్తూ పనిచెయ్యాల్సిన అవసరం లేదు, మీ సైజు అడిగి తెప్పించుకోండి.

తొడుక్కున్నాక పిడికిలి బిగించి చూడండి. కణుపుల దగ్గర కుట్టు పట్టేస్తుంటే బిగుతు. వేళ్ల కొసల్లో తోలు వేలాడుతుంటే వదులు. వదులుగా ఉన్నవి సుఖంగా ఉంటాయనుకుంటారు, కానీ ఆ వేలాడే కొసే రెండు ఇనుప ముక్కల మధ్య చిక్కుకుంటుంది. పైగా జారిపోయే తోలును, పనిముట్టును రెండిటినీ కలిపి బిగించి పట్టుకోవాలి కాబట్టి ముంజేయి త్వరగా అలిసిపోతుంది. తోలు వాడేకొద్దీ కొంచెం సాగుతుంది. అందుకని కొత్తలో చేతికి అంటిపెట్టుకున్నట్టు ఉన్నవే మేలు.

కొందరు చూపుడువేలు, బొటనవేలు కొసలు కత్తిరించి వాడుకుంటారు, పట్టు తెలియడం లేదని. ఆ ఇబ్బంది నిజమైనదే, కాదనను. కానీ ముందు దెబ్బతినే కొసలను కత్తిరించుకుంటే ఇక మిగిలిందేమిటి? పట్టు తెలియకపోతే తప్పు సైజులో ఉంది, లేదా తోలు రకంలో ఉంది. అక్కడ మార్చుకోవాలి.

తోలు రకం అంటే ఏ జంతువు తోలు అని అందరూ అడుగుతారు. అంతకన్నా ముందు అడగాల్సింది, ఆ తోలు ఏ పొర నుంచి వచ్చిందని. పెద్ద జంతువుల చర్మం చాలా మందం. దాన్ని అడ్డంగా చీల్చి పొరలు చేస్తారు. వెంట్రుకలు ఉన్న వైపు పైపొర నునుపుగా ఉంటుంది. అందులో పోగులు దగ్గర దగ్గరగా అల్లుకుని ఉంటాయి. దాన్ని గ్రెయిన్ తోలు అంటారు. మెత్తగా వంగుతుంది, నీళ్లు కాస్త నెమ్మదిగా పీలుస్తుంది, వేళ్లకు స్పర్శ తెలుస్తుంది. కింది పొర స్ప్లిట్ తోలు. రెండు వైపులా నూగుగా ఉంటుంది. గరుకు కాబట్టి పట్టు బాగుంటుంది, మందంగా ఉంచుకోవచ్చు కాబట్టి వేడి నెమ్మదిగా దిగుతుంది. వెల్డింగ్ గ్లవ్స్ ఎక్కువగా స్ప్లిట్ తోలుతో చేసేది అందుకే. స్ప్లిట్ అంటే నాసిరకం అని కొట్టిపారెయ్యకండి. అయితే స్ప్లిట్‌లోనూ తేడాలున్నాయి. జంతువు పక్కభాగం, వెన్నుకు దగ్గరగా ఉన్న తోలు గట్టిది. భుజం దగ్గరది కదలికల వల్ల ముడతలు పడి ఉంటుంది కానీ మెత్తగా వంగుతుంది. పొట్ట భాగంలో పోగులు వదులుగా ఉంటాయి, అది త్వరగా సాగి అరిగిపోతుంది. చూడటానికి ఒకేలా ఉన్న రెండు జతల్లో ఒకటి త్వరగా పోవడానికి తరచుగా ఇదే కారణం. అరచేతి దగ్గర తోలును రెండు వేళ్లతో పట్టుకుని నలపండి. స్పాంజిలా నొక్కుకుపోయి, ఒక పక్కకు లాగితే సులువుగా సాగిపోతుంటే అనుమానించండి. రెండు అరచేతుల మందం సమానంగా ఉందో లేదో కూడా చూడండి.

ఇక జంతువు. ఆవు తోలు రాపిడికి బాగా ఓర్చుకుంటుంది. ఇటుకలు, రాళ్లు, కలప, ఇనుప చువ్వలు మోసేవాళ్లకు అది సరిపోతుంది. గేదె తోలు కూడా ఆ కోవలోదే, మందంగా ఉంటుంది. మేక తోలు నాకు ఎక్కువ ఇష్టం. పలచగా ఉన్నా చిరుగుకు గట్టిగా నిలబడుతుంది. టిగ్ వెల్డింగ్ (ఒక చేత్తో టార్చ్, ఇంకో చేత్తో సన్నని కడ్డీ పట్టుకుని చేసే రకం) చేసేవాళ్లు ఫిల్లర్ రాడ్డును, అంటే అతుకులో కరిగించి నింపే ఆ కడ్డీని, వేళ్లతో కొంచెం కొంచెం ముందుకు జరపాలి కదా, అక్కడ మేక తోలు, జింక తోలు లాంటి మెత్తనివే పనికొస్తాయి. పంది తోలులో వెంట్రుక రంధ్రాలు లోతుగా ఉంటాయి కాబట్టి గాలి ఆడుతుంది. తడిసి ఆరాక ఆవు తోలులా బిరుసెక్కదు. మళ్లీ మళ్లీ తడిసే పనులకు అది మంచిది. గొర్రె తోలు చాలా మెత్తన, కానీ బరువు పనికి ఆగదు.

టానింగ్ గురించి రెండు మాటలు. పచ్చి తోలు కుళ్లిపోకుండా చేసే ఆ ప్రక్రియ క్రోమియం లవణాలతో జరగవచ్చు, చెట్ల బెరడు లాంటి వాటి నుంచి తీసిన పదార్థాలతోనూ జరగవచ్చు. పని గ్లవ్స్‌లో ఎక్కువ భాగం క్రోమ్ తోలే. దాన్ని తడి వేడిలో పెడితే సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దాకా ముడుచుకోకుండా ఉంటుంది. బెరడుతో టానింగ్ చేసిన తోలు 70 నుంచి 85 డిగ్రీల మధ్యలోనే ముడుచుకుపోతుంది. కొందరికి క్రోమియం పడదు, చేతుల మీద దద్దుర్లు, దురద వస్తాయి. తోలులో క్రోమియం 6 అనే హానికరమైన రూపం కిలోకు 3 మిల్లీగ్రాముల లోపే ఉండాలని యూరప్ ప్రమాణం చెబుతుంది. గ్లవ్స్ తొడుక్కున్న మేరకే దద్దుర్లు వస్తుంటే చెమట వల్లే అని సర్దుకుపోకండి. చర్మం డాక్టరుకు చూపించండి, క్రోమ్ లేని తోలు గ్లవ్స్ అడగండి.

కుట్టు చూడటం కూడా అలవాటు చేసుకోండి. గన్ కట్ అనే పద్ధతిలో చేతి వెనక భాగమంతా ఒకే ముక్క. నడిమి రెండు వేళ్ల లోపలివైపు ముక్కలను విడిగా కోసి, వేళ్ల మొదట్లో కుడతారు. కాబట్టి పనిముట్టు ఒరుసుకునే చోట కుట్టు పడదు. బొటనవేలిని విడి ముక్కగా కోసి అమర్చిన గ్లవ్స్‌లో ఆ వేలు స్వేచ్ఛగా తిరుగుతుంది. నిప్పురవ్వల దగ్గర పనిచేసేవాళ్లు దారం ఏదో తప్పకుండా కనుక్కోవాలి. నూలు దారం కాలిపోతే తోలు ఎంత బాగున్నా గ్లవ్ విచ్చుకుపోతుంది. అరామిడ్ దారం, మనం కెవ్లార్ అనే పేరుతో వింటుంటాం, అది వేడికి తట్టుకుంటుంది. కుట్టు బయటికి కనిపించకుండా మధ్యలో సన్నని తోలు పట్టీ పెట్టి కుట్టినవి ఇంకా మంచివి. కఫ్, అంటే మణికట్టును కప్పే భాగం, దాని సంగతి పని మీద ఆధారపడి ఉంటుంది. వెల్డింగ్‌కు ముంజేతి దాకా వచ్చే పొడవు కఫ్, చెత్తా మట్టీ లోపల పడే పనికి మణికట్టు దగ్గర సాగే బిగింపు. ఏదైనా సరే, చొక్కా చేతికీ గ్లవ్‌కూ మధ్య చర్మం కనిపించకూడదు.

గ్లవ్ మీద సుత్తి బొమ్మ, దాని కింద అంకెలు చూసే ఉంటారు. అది ఈఎన్ 388 అనే యూరప్ ప్రమాణం. మొదటి నాలుగు అంకెలు వరుసగా రాపిడి, కోత, చిరుగు, గుచ్చుకోవడం. కోతకు 5 దాకా, మిగతా మూడిటికీ 4 దాకా మార్కులు. తర్వాత ఎ నుంచి ఎఫ్ వరకు ఒక అక్షరం ఉంటే అది మరో పద్ధతిలో చేసిన కోత పరీక్ష. ఎక్స్ అని ఉంటే ఆ పరీక్ష చెయ్యలేదని అర్థం. రాపిడిలో 1 రావాలంటే గరుకు కాగితం మీద 100 చుట్ల రాపిడికి తోలు చిల్లు పడకుండా ఆగాలి. 4 రావాలంటే 8,000 చుట్లు ఆగాలి. 1కీ 4కీ మధ్య తేడా ఎంత పెద్దదో దీన్ని బట్టి తెలుస్తుంది. ఇక్కడ నేను నొక్కి చెప్పేది రెండో అంకె గురించి. మామూలు తోలు గ్లవ్స్‌లో అది తరచు 1 గానో 2 గానో ఉంటుంది. తోలు రాపిడిని ఆపినంత బాగా పదునును ఆపదు. గాజు పలకలు, కొత్తగా కోసిన రేకులు, బ్లేడ్లతో పనిచేసేవాళ్లు మందపాటి తోలును చూసి ధైర్యపడకూడదు. లోపల అరామిడ్ లాంటి కోత ఆపే లైనింగ్ ఉన్న తోలు గ్లవ్స్ తీసుకోవాలి. గుచ్చుకోవడానికి వచ్చిన మార్కు కూడా మొద్దు మొన ఉన్న మేకు లాంటి దానితో చేసిన పరీక్షది. ఇంజెక్షన్ సూదికి అది వర్తించదు. ఈ పరీక్షలన్నీ కొత్త గ్లవ్ అరచేతి మీద చేస్తారు. మీ చేతికున్న అరిగిన గ్లవ్‌కు ఆ అంకెలు ఉండవు.

వెల్డర్లకు వేరే ప్రమాణం ఉంది, ఈఎన్ 12477. అందులో ఎ రకం వేడికి, దెబ్బకు ఎక్కువ నిలబడుతుంది. బి రకంలో వేళ్లు బాగా ఆడతాయి, టిగ్‌కు అది సరిపోతుంది. చూశారా, ప్రమాణం రాసినవాళ్లు కూడా వేళ్లు ఆడటాన్ని రక్షణలో భాగంగానే లెక్కించారు.

తోలు ఏం చెయ్యలేదో కూడా చెప్పాలి. తోలు రసాయనాలను ఆపదు, పీల్చుకుని చర్మానికి ఆనించి ఉంచుతుంది. యాసిడ్, థిన్నర్, పెట్రోలు పడిన తోలు గ్లవ్ ఒట్టి చేతికన్నా ఎక్కువ హాని చెయ్యవచ్చు, ఎందుకంటే ఒట్టి చేతిని వెంటనే కడుక్కుంటాం. తడి సిమెంటు బలమైన క్షారం, చర్మాన్ని కాలుస్తుంది. దానికి రసాయనాలకు తట్టుకునే రబ్బరు లేదా నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు గ్లవ్స్ కావాలి. కరెంటు విషయం మరీ ముఖ్యం. తోలు గ్లవ్స్ కరెంటు షాకును ఆపవు. లైన్‌మెన్ తొడుక్కునేది లోపల ఇన్సులేటింగ్ రబ్బరు గ్లవ్స్, ఆ రబ్బరు చిరిగిపోకుండా పైన తోలు.

తిరిగే యంత్రాల దగ్గర, అంటే లేత్, స్టాండ్ మీద ఉండే డ్రిల్లింగ్ మెషీన్, మిల్లింగ్ మెషీన్ దగ్గర, గ్లవ్స్ అసలు వద్దు. తోలు అంచు ఒక్కసారి చిక్కుకుంటే చిరిగి వదిలెయ్యదు, చేతిని లోపలికి లాగేస్తుంది. ఎంత గట్టి తోలైతే అక్కడ అంత ప్రమాదం. పని మధ్యలో గ్లవ్స్ తియ్యొద్దని ఇందాకటి నుంచి చెబుతున్నాను. ఇది ఒక్కటి దానికి మినహాయింపు. యంత్రం పూర్తిగా ఆగాక, ఇనుప పొట్టు తియ్యడానికి, జాబ్‌ను, అంటే యంత్రం మీద చేస్తున్న ముక్కను మోయడానికి మళ్లీ తొడుక్కోండి.

ఇప్పుడు కాపాడుకోవడం. మంచి జత కొన్నవాళ్లు కూడా దాన్ని ఎక్కువగా పాడుచేసేది ఆరబెట్టడంలో. టానింగ్ అయ్యాక తోలులోకి నూనెలు ఎక్కిస్తారు. లోపలి పోగులు ఒకదాని మీద ఒకటి జారడానికి అవే ఆధారం. తడిసిన తోలును పొయ్యి దగ్గరో, మండే ఎండలోనో, హీటర్ మీదో పెడితే నీళ్లు వేగంగా పోతాయి, పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. తోలు అట్టలా బిరుసెక్కి, వంచితే పగులుతుంది. తడిసినప్పుడు మెలిపెట్టి పిండొద్దు. పొడి గుడ్డతో నొక్కి నీళ్లు తీసి, వేళ్లు సరిచేసి, లోపల నలిపిన కాగితం కుక్కి, నీడలో గాలి తగిలేచోట ఉంచండి. కాగితం తడిస్తే మార్చండి. సగం ఆరాక ఒకసారి చేతికి తొడిగి వేళ్లు ఆడించి మళ్లీ ఆరబెట్టండి. చివరి తడి పోయేలోపు తోలు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే నిలుస్తుంది.

రోజూ చెయ్యాల్సింది చాలా తక్కువ. పని అయ్యాక రెండు గ్లవ్స్‌నూ ఒకదానికొకటి కొట్టి దుమ్ము దులపండి, బ్రష్షుతో రుద్దండి. ఇనుప రజను తోలులో ఇరుక్కుంటే లోపలి నుంచి ఉప్పుకాగితంలా కోస్తూ ఉంటుంది. తర్వాత వేలాడదియ్యండి. ప్లాస్టిక్ సంచిలో మూట కట్టి, పనిముట్ల పెట్టె అడుగున పడేస్తే చెమట తడి అక్కడే ఉండి బూజు పడుతుంది. వీలైతే రెండు జతలు ఉంచుకుని మార్చి మార్చి వాడండి. లోపలి చెమట ఆరడానికి ఒక్క రాత్రి చాలకపోవచ్చు. ఇద్దరు ముగ్గురు ఒకే జత పంచుకోవద్దు, చర్మ వ్యాధులు అంటుకుంటాయి. మర్నాడు తొడుక్కునే ముందు దులిపి చూడటం మరిచిపోకండి, లోపల పురుగులు దూరి ఉండొచ్చు.

మురికి బాగా పట్టిన గ్రెయిన్ తోలును తడిగుడ్డకు కొద్దిగా తోలు సబ్బు రాసి తుడిస్తే చాలు. వాషింగ్ మెషీన్‌లో వెయ్యొచ్చని లేబుల్ మీద ఉంటే తప్ప వెయ్యొద్దు. గ్రీజు మరక మీద టాల్కమ్ పౌడర్ చల్లి రాత్రంతా ఉంచి దులిపితే కొంత పీల్చుకుంటుంది. పొడిబారినట్టు కనిపిస్తే తోలు కండిషనర్ గుడ్డకు కొంచెం తీసుకుని పలచగా రాయండి, మిగిలింది తుడిచెయ్యండి. ఎక్కువైతే తోలు వదులై సాగిపోతుంది, పట్టు జారుతుంది. నూగు ఉన్న స్ప్లిట్ తోలుకు ఇది రాస్తే నూగు అణిగిపోయి పట్టు పోతుంది. దానికి గట్టి బ్రష్షే వైద్యం.

ఎప్పుడు పారెయ్యాలంటే, వేళ్ల కొసలను వెలుతురుకు అడ్డంగా పెట్టి చూసినప్పుడు కాంతి కనిపిస్తే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కుట్టు తెగితే. వంచినప్పుడు పగిలితే. ఏదైనా రసాయనం లోపలికి ఇంకితే. ఒక గ్లవ్ పోయి ఇంకొకటి బాగుంటే మనసొప్పక రెండూ వాడుతుంటారు. ఎక్కువ పని చేసే చేతిదే ముందు పోతుంది, గాయం అయ్యేదీ ఆ చేతికే.

ఇక మీ ప్రశ్నలు.

(శ్రోతల నుంచి: చేత్తో పట్టుకునే గ్రైండర్ వాడేటప్పుడు గ్లవ్స్ తీసెయ్యాలా?)

మంచి ప్రశ్న, ఇక్కడ చాలామంది తికమకపడతారు. యాంగిల్ గ్రైండర్‌కు రెండు చేతులూ హ్యాండిల్స్ మీద ఉంటాయి, చక్రానికి గార్డు ఉంటుంది. రవ్వలు, వేడి రజను చేతుల మీద పడతాయి. అక్కడ చేతికి అతుక్కుని ఉండే తోలు గ్లవ్స్ వేసుకోవాలి. వేలాడే కఫ్, సాగిన దారాలు ఉండకూడదు. బల్లకు బిగించి ఉండే బెంచి గ్రైండర్ వేరు. అక్కడ వేళ్లు తిరిగే చక్రానికి దగ్గరగా పోతాయి, గ్లవ్ చిక్కుకుంటుంది. అక్కడ తీసెయ్యండి, చిన్న ముక్కలను పట్టుకారుతో పట్టుకోండి.

(శ్రోతల నుంచి: వెల్డింగ్ గ్లవ్స్‌తో వేడి ముక్క తీసి పక్కన పెడుతుంటాం. కొన్నాళ్లకే అరచేయి గట్టిపడిపోతోంది. నూనె రాస్తే మెత్తబడుతుందా?)

రాయొద్దు. నూనె పీల్చిన తోలు మీద రవ్వ పడితే అంటుకోవచ్చు. వెల్డింగ్ గ్లవ్స్‌కు నూనె, గ్రీజు, కండిషనర్ ఏవీ తగలకూడదు. మీ అరచేయి గట్టిపడటం మురికి వల్ల కాదు. వేడికి తోలు పోగులే ముడుచుకుపోయాయి. అది మళ్లీ వెనక్కి రాదు. అలా ముడుచుకున్న చోట తోలు పెళుసెక్కుతుంది, గ్లవ్ పొట్టిదై వేళ్లకు బిగుసుకుంటుంది, అత్యవసరంగా విదిలించి తియ్యాలన్నా రాదు. వెల్డింగ్ గ్లవ్స్ చేసింది రవ్వలకు, వేడి సెగకు, కాసేపటి తాకిడికి. ఎర్రగా ఉన్న ముక్కను మోయడానికి కాదు. ఆ పనికి పట్టుకారు పక్కనే పెట్టుకోండి. ఇప్పుడున్న జత అరచేయి పిడికిలి బిగిస్తే పూర్తిగా మూసుకోవడం లేదంటే దాన్ని మార్చేయండి. కొత్తది మీ సైజు చూసుకునే తీసుకోండి.